స్మోకీ కొండల నుంచి మెంఫిస్ దాకా పిల్లలతో

అమెరికాలో స్మోకీ పర్వతాలు, నాష్‌విల్, మెంఫిస్ కలిపి చూపించే గైడెడ్ బస్సు టూర్లు వేసవిలోనూ, ఆకులు రంగు మారే అక్టోబరులోనూ నడుస్తుంటాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, కారు నడిపే పని ఎవరికీ లేకుండా మూడు తరాలూ కలిసి తిరిగిరావాలనుకునే తెలుగు కుటుంబాలకు ఇవి బాగా నప్పుతాయి. హోటళ్ళు, టికెట్లు, పార్కింగు, దారి వెతుక్కోవడం అన్నీ టూరు కంపెనీవాళ్ళే చూసుకుంటారు. అలాంటి టూరుకు పిల్లల్ని తీసుకువెళ్ళే తల్లిదండ్రులతో నాలుగు మాటలు చెప్పాలని ఉంది. ముందుగా ఒకటి: స్టీరింగు పట్టుకోనక్కర్లేని ఆ చేతుల్లోకి ఫోను తీసుకోకండి. పిల్లల పక్క సీట్లో కూర్చోండి. దారి గైడు చూపిస్తాడు. ఆ దారిలో ఎవరు బతికారో, ఎందుకు ఇళ్ళు వదిలి వెళ్ళారో, వాళ్ళ పాట ఏ ఊరు చేరిందో మీరు చెప్పాలి.

టూరు కాగితంలో ఇవన్నీ విడివిడిగా కనిపిస్తాయి. రెండు రోజులు నేషనల్ పార్కు, ఒక రోజు కొండ జనం జీవితం, తరవాత సంగీతం. పిల్లలకు అవి ఒకదానితో ఒకటి పొత్తులేని ముక్కల్లాగే మిగులుతాయి. నిజానికి అదంతా ఒకే కథ. కొండ లోయల్లో మొక్కజొన్న పండించుకున్నవాళ్ళు, పత్తి చేలలో వెట్టి బతుకు బతికినవాళ్ళు బతుకుతెరువు కోసం పట్నాల దారి పట్టారు. పొలం వెంట రాలేదు, పాట వచ్చింది. వీలుంటే తూర్పున కొండల్లో మొదలై పడమట మిసిసిపీ ఒడ్డున ముగిసే టూరునే ఎంచుకోండి. నాక్స్‌విల్ నుంచి నాష్‌విల్‌కు సుమారు 180 మైళ్ళు, అక్కణ్ణుంచి మెంఫిస్‌కు ఇంకో 210. కథ నడిచిన దిక్కులోనే బస్సూ నడిస్తే పిల్లల బుర్రలో వరస దానంతటదే కుదురుకుంటుంది.

డబ్బు కట్టేముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. కొన్ని కంపెనీలు ఫలానా వయసు లోపు పిల్లల్ని ఎక్కించుకోవు. రోజుకు ఎన్ని గంటలు బస్సులో కూర్చోవాలి, ఎన్ని గంటలకోసారి ఆపుతారు, శాకాహారం దొరుకుతుందా, ఒక పూటైనా మన ఇష్టానికి వదిలేస్తారా అన్నవి తప్పకుండా కనుక్కోండి. ప్రతి పూటా నిండిపోయిన టూరుకు నేను ఓటు వెయ్యను, ఎంత చవకైనా సరే. పిల్లలకు ఒక వాగు దగ్గర గంటసేపు రాళ్ళు ఏరుకునే తీరిక ఉండాలి.

గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దు మీద, సుమారు 5 లక్షల 22 వేల ఎకరాల్లో ఉంది. అమెరికా నేషనల్ పార్కుల్లో ఎక్కువమంది వచ్చేది దీనికే. ఏటా కోటికి పైగా సందర్శకులు. కొండల మీద నీలంగా తేలే ఆ పొగమంచును పిల్లలు చూడగానే అదేమిటని అడుగుతారు. చెట్లు గాలిలోకి వదిలే కొన్ని వాయువుల వల్ల వెలుతురు చెదిరి ఆ నీలం వస్తుంది. ఇంత అడవి ఊపిరి పీల్చి వదిలితే అలా కనిపిస్తుందని చెబితే ఐదేళ్ళ పిల్లకూ అర్థమవుతుంది.

గాట్లిన్‌బర్గ్ పక్కన షుగర్‌లాండ్స్ విజిటర్ సెంటర్లో మొదటి రోజే జూనియర్ రేంజర్ పుస్తకం తీసుకోండి. పిల్లలు బస్సులో కూర్చుని అందులో పనులు పూర్తిచేసి, రేంజర్ ముందు ప్రమాణం చేస్తే బ్యాడ్జి ఇస్తారు. ఆ బ్యాడ్జి కోసం పిల్లలు పడే శ్రద్ధ మీరు ఎంత బతిమాలినా రాదు. ఆ పార్కును సాలమండర్ల, అంటే బల్లిలా కనిపించే ఉభయచరాల, రాజధాని అంటారు. దాదాపు 30 రకాలు ఉన్నాయి. తడి రాళ్ళ కింద ఉంటాయి. రాళ్ళు కదిలించవద్దనీ, చూసి వదిలేయాలనీ ముందే చెప్పండి. ఎలుగుబంట్లు సుమారు 1,900. వాటికి 150 అడుగుల కంటే దగ్గరగా వెళ్ళకూడదన్నది అక్కడి చట్టం. ఫొటో కోసం మీరే రెండడుగులు ముందుకు వేస్తే, పిల్లలకు మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ రెండడుగుల్లోనే కొట్టుకుపోతాయి. పులిహోర పొట్లం పిక్నిక్ బల్ల మీద వదిలి వెళ్ళకండి, తిన్న విస్తరి దాకా అన్నీ మూత పడే చెత్తకుండీలో వేయండి. మనుషుల తిండి మరిగిన ఎలుగుబంటి చివరికి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

పార్కులో ఎత్తయిన శిఖరం కువోహి, 6,643 అడుగులు. మొన్నమొన్నటి దాకా దానికి క్లింగ్‌మన్స్ డోమ్ అని పేరు. అక్కడి మూలవాసులైన చెరోకీ ప్రజలు అడిగితే 2024 సెప్టెంబరులో పాత పేరు తిరిగి పెట్టారు. పార్కింగు నుంచి పైన టవరుకు అర మైలే, కాని నిటారు ఎక్కుడు. మోకాళ్ళ నొప్పులున్న తాతయ్యా నాయనమ్మా అక్కడిదాకా వెళ్ళాలని పట్టుబట్టకండి. న్యూఫౌండ్ గ్యాప్ దగ్గర బస్సు దిగితే చాలు, 5,046 అడుగుల ఎత్తున కొండలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. రెండు రాష్ట్రాల గీత అక్కడే ఉంటుంది. పిల్లలు ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి నిలబడతారు, నిలబడనివ్వండి. కింద ఎండ కాస్తున్నా పైన 10 నుంచి 20 ఫారన్‌హీట్ డిగ్రీలు తక్కువ ఉంటుంది. స్వెటర్లు బస్సు డిక్కీలో పెట్టకుండా చేతికందేచోట ఉంచుకోండి. మలుపుల దారిలో వాంతులయ్యే పిల్లలుంటే ముందు సీట్లు అడిగి తీసుకోండి. ఆ గంటసేపు తెర చూడనివ్వకండి. అల్లం మురబ్బా ముక్క కొందరికి పనిచేస్తుంది. మాత్రలు మాత్రం పిల్లల డాక్టరును అడిగాకే.

మే నెలాఖరు నుంచి జూన్ మధ్య దాకా ఎల్క్‌మాంట్ దగ్గర వేల మిణుగురులు ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోతాయి. దానికి ముందుగా లాటరీలో పేరు రావాలి, మామూలు టూర్లలో అది ఉండదు. వస్తే మాత్రం మరో ప్రయాణం పెట్టుకునైనా వెళ్ళండి.

ఇక మనుషుల సంగతి. ఈ అడవి ఎవరూ లేనిచోట వెలసింది కాదని పిల్లలకు చెప్పడం తప్పనిసరి అని నా నమ్మకం. పార్కు రాకముందు ఇక్కడి భూమి చాలాభాగం కలప కంపెనీలది, మిగతాది రైతులది. పార్కు కోసం అమ్మడానికి ఒప్పుకున్నవాళ్ళూ ఉన్నారు, ఒప్పుకోక కోర్టుకెక్కి ఓడినవాళ్ళూ ఉన్నారు. ఆ భూమి కొనడానికి బడిపిల్లలు పైసలు పోగుచేసి ఇచ్చారు, రాక్‌ఫెల్లర్ కుటుంబ నిధి 50 లక్షల డాలర్లు ఇచ్చింది. 1934లో పార్కు ఏర్పడింది, 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ న్యూఫౌండ్ గ్యాప్ దగ్గర నిలబడి జాతికి అంకితం చేశాడు. ఈలోగా వేలమంది ఊళ్ళు వదిలిపోయారు. కేడ్స్ కోవ్‌లో 11 మైళ్ళ చుట్టుదారి వెంట వాళ్ళ చెక్క ఇళ్ళు, మర, చర్చిలు ఇప్పటికీ కనిపిస్తాయి. పిల్లలు వాటిని బొమ్మరిళ్ళని అనుకుంటారు. ఏదైనా చర్చి పక్కన సమాధుల రాళ్ళ మీద తేదీలు చదివించండి. ఎంత చిన్న వయసులో పిల్లలు పోయేవారో వాళ్ళే లెక్కకడతారు.

లిటిల్ గ్రీన్‌బ్రయర్‌లో వాకర్ అక్కచెల్లెళ్ళు ఐదుగురు పెళ్ళి చేసుకోకుండా తండ్రి ఇంట్లోనే ఉండిపోయారు. నూలు వాళ్ళే వడికేవారు, కూరగాయలు వాళ్ళే పండించుకునేవారు. పార్కు అధికారులు ఎంత అడిగినా కదల్లేదు. చివరికి 1941లో 4,750 డాలర్లకు భూమి అమ్మారు, బతికున్నన్నాళ్ళు ఆ ఇంట్లోనే ఉండే షరతు మీద. చివరిదాకా మిగిలిన లూయిసా 1964లో పోయింది. బస్సు అక్కడిదాకా వెళ్ళదు, కథ మాత్రం బస్సులోనే చెప్పవచ్చు. మీ ఇంట్లో శ్రీశైలం ముంపులోనో, నాగార్జునసాగర్ ముంపులోనో ఊరు పోగొట్టుకున్న పెద్దవాళ్ళుంటే ఆ పూట మాట వాళ్ళకు వదిలేయండి. గుడి ఎక్కడుండేది, పొలం గట్టు మీద ఏ చెట్టుండేది, బండ్లకెత్తిన సామాన్లలో ఏం మిగిలిపోయింది. ఆ మాటలు విన్న పిల్లవాడికి కేడ్స్ కోవ్ ఖాళీ ఇల్లు ఎవరిదో తెలిసినవాళ్ళ ఇల్లవుతుంది.

రైతుల కంటే ముందు ఆ కొండలు చెరోకీలవి. మూలవాసులను పడమటికి తరలించే 1830 చట్టం పేరు చెప్పి, 1838-39లో సుమారు 16 వేలమందిని సైన్యం చేత ఇళ్ళు ఖాళీ చేయించి పడమటికి నడిపించారు. దారిలోనూ శిబిరాల్లోనూ దాదాపు 4 వేలమంది చనిపోయారని అంచనా. కొండల్లో మిగిలిపోయినవాళ్ళ వారసులు పార్కుకు దక్షిణాన చెరోకీ అనే ఊళ్ళో, తమ సొంత పాలనలో ఉంటున్నారు. గైడు ఆ ఊళ్ళో క్యాసినో ముందు ఆపితే, మ్యూజియం ఆఫ్ ది చెరోకీ పీపుల్‌కు గంటన్నర ఇమ్మని అడగండి. వీధుల పేర్లు అక్కడ రెండు లిపుల్లో ఉంటాయి. సెక్వోయా అనే కంసాలి, ఇంగ్లీషు చదవడం రానివాడు, ఏళ్ళ తరబడి కష్టపడి 1821 నాటికి తన భాషకు లిపి తయారుచేశాడు. ఒక్కో గుర్తుకు ఒక్కో గుణింతపు ధ్వని, మన క, కి, కు లాగా. ఆదివారం తెలుగు బడిలో గుణింతాలు దిద్దలేక ఏడ్చే పిల్లలకు ఈ సంగతి నచ్చుతుంది. ఒక వీధి పేరు వాళ్ళ చేత విప్పించి చదివించండి.

కొండ దిగి నాష్‌విల్ వెళ్ళే రోజు బస్సు ప్రయాణమే నాలుగు గంటలకు పైన. మధ్యలో గడియారం ఒక గంట వెనక్కి వెళుతుంది, పిల్లలు మర్నాడు తెల్లారకముందే లేచి కూర్చుంటారు. ఈ నాలుగు గంటలూ పాటలకు పనికొస్తాయి. 1927 వేసవిలో, టెన్నెసీ, వర్జీనియా సరిహద్దు మీది బ్రిస్టల్ ఊళ్ళో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ రికార్డింగు పరికరాలు దించాడు. కొండ జనం వచ్చి పాడారు. ఏ.పి. కార్టర్, ఆయన భార్య సారా, మరదలు మేబెల్ గుంతల దారిలో కారులో వచ్చారు. సారా చంకలో చంటిపిల్లవాడు, మేబెల్ నిండు గర్భిణి. రెండు రోజుల్లో ఆరు పాటలు పాడి వెళ్ళారు. అమెరికా కంట్రీ సంగీతం చరిత్ర చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఆ రెండు రోజుల దగ్గర ఆగుతారు. చంటిపిల్లతో ఇంత దూరం ఎలా అని టూరుకు వెనకాడే తల్లులకు నేను గుర్తుచేసేది సారానే.

ఇంకొక పేరు కూడా చెప్పండి, లెస్లీ రిడిల్. నల్లజాతి గిటారు కళాకారుడు. పాటలు సేకరించడానికి కార్టర్ కొండ ఊళ్ళు తిరిగినప్పుడు వెంట ఉన్నాడు. కార్టర్ మాటలు రాసుకుంటే రిడిల్ బాణీలు గుర్తుపెట్టుకునేవాడు. పేరు కార్టర్లకే వచ్చింది. బాంజో కూడా అంతే. తెల్ల కొండ రైతుల వాద్యమని అందరూ అనుకునే దాని మూలం పశ్చిమ ఆఫ్రికాలో ఉంది, బానిసలుగా తెచ్చిన మనుషుల చేతుల్లో ఇక్కడ మళ్ళీ పుట్టింది. ఫిడేలు స్కాట్లండ్, ఐర్లండ్ల నుంచి వచ్చినవాళ్ళది. ఆ రెండూ కలిసి మోగడమే ఆ కొండల సంగీతం. పిల్లలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటుంటే వయొలిన్ సంగతి ఎత్తండి. పడమటి నుంచి వచ్చిన ఆ వాద్యాన్ని మన విద్వాంసులు కింద కూర్చుని, కాలి మీద ఆనించి, గమకాలకు లొంగదీసుకున్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాయిద్యం ఒకటి బస్సులోనే వినిపించండి, వెంటనే ఆ కొండల ఫిడేలు పాట ఒకటి. ఒకే వాద్యం రెండు ఊళ్ళలో రెండు యాసలు మాట్లాడటం పిల్లలు పట్టేస్తారు.

నాష్‌విల్‌లో బ్రాడ్‌వే వీధి రాత్రిళ్ళు పిల్లలకు తగదు. బార్లలోనే సంగీతం, చెవులు పగిలే మోత. పగలు వెళితే చాలాచోట్ల పిల్లల్ని రానిస్తారు. చిన్నపిల్లలకు చెవులు మూసే మఫ్లు తీసుకెళ్ళండి. అసలు చూడవలసింది రైమన్ ఆడిటోరియం. 1892లో ప్రార్థనా మందిరంగా కట్టారు, బల్లలు ఇప్పటికీ చర్చి బల్లలే. గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమం 1925లో మొదలైంది. 1943 నుంచి 1974 దాకా ఇక్కడే జరిగింది. కొత్త భవనానికి మారినప్పుడు ఈ వేదిక చెక్కలోంచి గుండ్రంగా ఒక ముక్క కోసి కొత్త వేదిక మధ్యలో పరిచారు. ఆప్రీ తొలినాళ్ళలో జనం చెవికోసుకున్నవాళ్ళలో డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు ఒకడు. హార్మోనికాతో రైలు కూత, చక్రాల చప్పుడు అచ్చంగా పలికించేవాడు. తోటి కళాకారులతో ఊళ్ళు తిరిగినప్పుడు వాళ్ళు దిగిన హోటళ్ళలో అతణ్ణి రానిచ్చేవారు కాదు. 1941లో ఆప్రీ నుంచి అతణ్ణి తీసేశారు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 2005లో, అతడు పోయిన ఇరవై ఏళ్ళకు పైన.

టూరులో ఒక పూట ఖాళీ దొరికితే, నాష్‌విల్‌లో ఫిస్క్ యూనివర్సిటీ చూపించండి. బానిసత్వం నుంచి బయటపడినవాళ్ళ చదువు కోసం 1866లో మొదలైన బడి అది. ఐదేళ్ళకు డబ్బుల్లేక మూతపడే స్థితి వస్తే, తొమ్మిదిమంది విద్యార్థులు 1871 అక్టోబరులో పాడుతూ ఊళ్ళు తిరగడానికి బయల్దేరారు. వాళ్ళలో చాలామంది పుట్టుకతో బానిసలు. తల్లులు చేలలో పాడుకున్న భక్తి పాటల్ని సభల్లో పాడారు, ఇంగ్లండ్ వెళ్ళి విక్టోరియా రాణి ముందు పాడారు. ఆ డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ ఇంకా నిలబడి ఉంది. పాట బడిని బతికించిన ఈ ఒక్క సంగతి కోసమైనా ఆ పూట విలువైనదే. పెద్దవాళ్ళు గుడికి వెళ్ళాలంటే శ్రీ గణేశ ఆలయం ఊళ్ళోనే ఉంది. తాతయ్యను గుడి దగ్గర, పిల్లల్ని ఫిస్క్ దగ్గర దింపే వాదులాట పెట్టుకోకుండా రెంటికీ అందరూ కలిసి వెళ్ళండి.

తిండి గురించి కొద్దిగా. దక్షిణాది వంటల్లో చిక్కుడు గింజలు, ఆకుకూరలు పంది మాంసం ముక్కతో ఉడికిస్తారు, పిండివంటల్లో పంది కొవ్వు కలిపేవాళ్ళూ ఉన్నారు. పైకి కూరలాగే కనిపిస్తుంది. శాకాహారులైతే ప్రతిచోటా అడగండి, సిగ్గుపడకండి. మొక్కజొన్న రవ్వ జావ, గ్రిట్స్ అంటారు, మనవాళ్ళకు వెంటనే నచ్చుతుంది, కాస్త ఆవకాయ ఉంటే మరీను. చాలా హోటళ్ళు గదిలో కుక్కరు ఒప్పుకోవు. పెరుగు, అటుకులు, పొడులు దగ్గరుంటే గడిచిపోతుంది.

మెంఫిస్‌లో పిల్లలు ముందుగా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు గ్రేస్‌ల్యాండ్ అంటారు. వెళ్ళండి. కాని దానికి ముందు యూనియన్ అవెన్యూలో సన్ స్టూడియోకు వెళ్ళాలి. పేరు తెచ్చుకోకముందు, 18 ఏళ్ళ కుర్రాడిగా ఎల్విస్ 1953లో సుమారు 4 డాలర్లు చెల్లించి అక్కడ తన గొంతు రికార్డు చేయించుకున్నాడు. అంతకు ముందే బి.బి. కింగ్, హౌలిన్ వుల్ఫ్ అదే గదిలో పాడారు. స్టాక్స్ మ్యూజియం కూడా వదలకండి. పాత సినిమా హాల్లో పెట్టిన స్టాక్స్ స్టూడియోలో ఇద్దరు నల్లవాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు కలిసి ఒకే బృందంగా వాయించారు, బయట ఊళ్ళో కలిసి భోంచేయడమే కష్టమైన 1960లలో. పక్కనే పిల్లలకు సంగీతం నేర్పే అకాడమీ నడుస్తోంది.

ఆఖరుకు లొరేన్ మోటెల్. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన చోటు, ఇప్పుడు జాతీయ పౌరహక్కుల మ్యూజియం. 306 నంబరు గది ముందు బాల్కనీకి ఇప్పటికీ పూలచక్రం వేలాడుతుంది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు బయటి ఆవరణ చాలు అని నా అభిప్రాయం. పెద్దపిల్లల్ని లోపలికి తీసుకెళ్ళండి, వెంట ఉండండి, తొందరపెట్టకండి. కింగ్ ఆ ఊరు ఎందుకు వచ్చాడో ముందే చెప్పి ఉంచండి. ఆ ఫిబ్రవరి 1న వాన పడుతుంటే చెత్త లారీలో తలదాచుకున్న ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుధ్య కార్మికులు అదే లారీ యంత్రంలో నలిగి చనిపోయారు. 1,300 మంది కార్మికులు పని మానేశారు, నేనూ మనిషినే అని రాసిన అట్టలు మెడలో వేసుకుని నడిచారు. వాళ్ళకు తోడు నిలబడటానికే ఆయన వచ్చాడు.

అక్కడ మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: ఇండియాలో ఈ పని ఎవరు చేస్తారు? దాటవేయకండి. కింగ్ 1959లో భార్యతో కలిసి నెల రోజులు ఇండియా తిరిగాడు. తిరువనంతపురంలో దళిత పిల్లల బడికి వెళితే, ఆ బడి పెద్ద తనను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడని పరిచయం చేశాడనీ, మొదట కష్టమనిపించినా తరవాత అది నిజమేనని ఒప్పుకున్నాననీ 1965లో ఒక ప్రసంగంలో చెప్పాడు. మనుషుల చేత పాయఖానాలు ఎత్తించడాన్ని 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టం చేసి నిషేధించినా మ్యాన్‌హోళ్ళలో ఊపిరాడక చనిపోతున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. దీనిమీదే జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల ఊళ్ళో పుట్టాడు, 2016లో మెగసెసె పురస్కారం అందుకున్నాడు. ఆయన పేరు పిల్లలకు చెప్పండి. తాతయ్య ఊళ్ళో ఆ పని ఎవరు చేసేవారు, వాళ్ళ ఇళ్ళు ఊరికి ఏ వైపున ఉండేవి, ఆ ఇంటి పిల్లలు మీతో బడికి వచ్చేవారా అని అడిగితే తెలిసినంత మేరకు ఉన్నదున్నట్టు చెప్పండి, తాతయ్యనూ చెప్పనివ్వండి. ఆ సాయంత్రం బీల్ స్ట్రీట్‌లో సంగీతం వినే కార్యక్రమం పెట్టుకోకుండా ఉంటే మంచిది. గైడును ముందురోజే అడిగి, మర్నాటికి మార్పించుకోండి.